ఆర్విడ్ స్కోగ్ చంపిన చెట్లు

సెప్టెంబరులో మా పెళ్లయింది. కట్లర్ వీధిలో 309 నంబరు ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆ ఇంట్లో నాకు నచ్చనిది ఇంతవరకూ ఏదీ కనబడలేదు. వంటింటి కుళాయి తిప్పితే సన్నగా ఈల వేస్తుంది. గ్రేడీ బడిలో బ్యాండు మాస్టారు కాబట్టి అది ఏ స్వరమో కనిపెట్టి, గిన్నెలు తోమినంతసేపూ దానికి జతగా పాడతాడు. బాగుచేసే మనిషిని పిలవమంటే వద్దంటాడు. నాకూ వద్దనే ఉంది.

ఇంటి ముందు, కాలిబాటకూ రోడ్డుకూ నడుమ ఉన్న పచ్చికలో, బండి చక్రమంత గుండ్రటి గుంట ఒకటుంది. ఎప్పుడో అక్కడ చెట్టు ఉండేదన్నమాట. రోజూ పొద్దున్నే కాఫీ కప్పులు పట్టుకుని ఆ గుంట పక్కన నిలబడి అది ఏ చెట్టో ఊహించడం మా ఆట.

"యాపిల్," అంటాడు గ్రేడీ.

"రోడ్డు పక్కన యాపిల్ ఎవడు నాటుతాడోయ్?"

"ఆకలేసినవాడు."

ఇలా సాగుతుంది. జవాబు తెలిసినవాళ్లు ఎవరూ లేరు కనక ఆటకు అంతు లేదు. ఇంటి యజమాని డులూత్‌లో ఉంటాడు, ఆయనకు ఇల్లే సరిగ్గా గుర్తులేదు.

నేను కెటిల్‌ఫోర్డ్ నగర కార్యాలయంలో సహాయ కార్యదర్శిని. తొమ్మిది వేల మంది ఉన్న ఊరు. ఏటా అక్టోబరులో మా నగర మండలి సలహా సంఘాలకు మనుషుల్ని ఎంచుకుంటుంది. గ్రంథాలయానికి ఒక సంఘం, పార్కులకు ఒకటి, శ్మశానానికి ఒకటి, వీధుల్లోని చెట్లకు ఒకటి. ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒక్క డాలరు జీతం ఉండదు. నెలకొకసారి నేలమాళిగలోని చలి గదిలో కూర్చుని, చెత్తకుండీ బెంచీకి ఎడమ పక్కన ఉండాలా కుడి పక్కన ఉండాలా అని రెండు గంటలు మాట్లాడుకోవాలి. దానికోసం మా ఊరి జనం పోటీ పడతారు. మేయరుతో కలిపి అయిదుగురు మండలి సభ్యులు ఒక్కొక్కరినీ పిలిచి పదేసి నిమిషాలు మాట్లాడతారు. అందరికీ అవే అయిదు ప్రశ్నలు, అదే వరుసలో. అదనంగా ఒక్క మాట అడగకూడదు. ఎవరికైనా ఒక్క నిమిషం ఎక్కువ ఇస్తే మర్నాడు ఊరంతా అదే మాట.

ఆ నిమిషాలు లెక్కపెట్టే పని ఇరవై తొమ్మిదేళ్లుగా మా పెద్ద కార్యదర్శి బెర్నడీన్‌ది. ఈసారి ఆవిడ మోకాలికి ఆపరేషన్ అయింది. పని నా మీద పడింది.

"పిల్లా, డ్రాయరులో కోడిపెట్ట ఆకారంలో టైమరు ఉంది, దాని మెడ గట్టిగా తిప్పకు, ఊడుతుంది," అంది ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి. "నియమాల కాగితం కంఠస్థం చెయ్యి. పన్నెండున్నాయి. పదకొండు అందరికీ తెలుసు. ఏడోది ఇంతవరకూ ఎవరికీ అక్కరపడలేదు. అయినా నేర్చుకో."

నేర్చుకున్నాను. వంట చేస్తూ పాఠంలా అప్పజెబుతుంటే గ్రేడీ ఏడో నియమానికి బాణీ కట్టాడు. "అభ్యర్థికి సమయం మిగిలినచో, అతడు సమ్మతించినచో, దరఖాస్తుకు జతచేసిన కాగితములను కార్యదర్శి మిగిలిన సమయమంతయు చదివి వినిపించవలెను." కవాతు పాటలా ఉండేది.

దరఖాస్తులకు గడువు సెప్టెంబరు ముప్పై, సాయంత్రం అయిదు గంటలు. ఆ రోజు నాలుగూ యాభైకి ఆర్విడ్ స్కోగ్ వచ్చాడు. ఇరవై ఆరేళ్లు మా ఊరి మంచు తోసే బండి నడిపి రిటైరైన మనిషి. అరవై ఏడేళ్లుంటాయి. టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుని, నా కౌంటరు ముందు గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. చెట్ల సంఘానికి వరసగా ఇది నాలుగో దరఖాస్తు. మూడుసార్లూ ఎంపిక కాలేదు.

కాగితం తీసుకుని చూశాను. 'మీ అర్హతలు' అన్న గడిలో ఇలా రాసి ఉంది: 'చెట్లు చంపాను. 41.'

"స్కోగ్ గారూ, ఇది అర్హతలు రాసే గడి."

"అవునమ్మాయ్, చూశాను."

"మరి అర్హతలు రాయండి."

"రాశాను కదా."

కలం ఆయన వైపు తోశాను. ఆయన దాన్ని మళ్లీ నా వైపు తోశాడు.

"అంటే... గొడ్డలితోనా?"

"ఛ, ఛ. ఉప్పుతో." చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. "రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతాం కదా. తర్వాత ఆ మంచునే పక్కకు తోస్తాం. పక్కన ఏముంటాయి? చెట్లు. వసంతంలో ఉప్పంతా వేళ్లలోకి దిగుతుంది. చెట్టు వెంటనే చావదమ్మా. మూడేళ్లకో నాలుగేళ్లకో చస్తుంది. అప్పటికి ఎవరూ మన బండిని అనుకోరు. ఎండ ఎక్కువైందనుకుంటారు, పురుగు పట్టిందనుకుంటారు."

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలియదుగా?"

"నాకు తెలుసుగా."

ఆయన కోటు జేబులోంచి నల్ల అట్ట నోటుపుస్తకం ఒకటి తీసి కౌంటరు మీద పెట్టాడు. అంచులు తడిసి ఉబ్బి ఉన్నాయి. దాని మీద రబ్బరు బ్యాండు.

"దీన్ని జతచెయ్యొచ్చా?"

"ఎన్ని కాగితాలైనా జతచెయ్యొచ్చు. ఏముంది ఇందులో?"

"వీధివీధీ. ఏ చెట్టు దగ్గర ఎటు తోశాను, ఏది బతికింది, ఏది పోయింది." గొంతు తగ్గించాడు. "పురుగు పట్టిన యాష్ చెట్లు మొత్తం కొట్టేశారు కదా. రెండు వందల పదకొండు చోట్లు ఖాళీ. వాటిలో ఏం నాటాలో ఈ వసంతంలో సంఘం తేలుస్తుంది. ఒకసారి తేల్చాక ఇక అంతే, యాభై ఏళ్ల మాట. మలుపుల్లో మళ్లీ మేపుల్ నాటారనుకో, పదేళ్లలో పోతాయి. నలభై ఒకటి చాలు నాకు. ఇంకో రెండు వందలు నా కళ్లముందు పోవడం చూడలేను."

"ఇదే మాట అక్కడ చెప్పండి స్కోగ్ గారూ! అచ్చం ఇలాగే!"

ఆయన టోపీని గుండ్రంగా తిప్పాడు. "అక్కడ మొదటి ప్రశ్న 'మీ గురించి చెప్పండి' అని ఉంటుంది."

ఆ ఒక్క మాటతో నాకు మొత్తం అర్థమైంది. నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. మా దగ్గర నలుగురిలో తన గురించి తాను చెప్పుకోవడం కంటే ప్యాంటు లేకుండా బజారుకు పోవడం నయం. మా అమ్మ నాలుగుసార్లు బహుమతి పొందిన తన పచ్చడి సీసా ఇచ్చి కూడా 'ఏదో, తినగలిగితే తినండి' అంటుంది. బయటి ఊళ్లనుంచి వచ్చినవాళ్లకు ఆ బాధ లేదు, పది నిమిషాలూ హాయిగా మాట్లాడేస్తారు. మావాళ్లు మాత్రం ఆ మొదటి ప్రశ్న దగ్గరే చతికిలబడతారు. ఆర్విడ్ స్కోగ్ మూడేళ్లుగా అక్కడే కూలబడుతున్నాడు.

నోటుపుస్తకం మీద ముద్ర కొట్టాను. మండలి సభ్యులకు పంపే కాగితాల్లో 'జతచేసిన పుస్తకం కార్యాలయంలో ఉంది, వచ్చి చూడవచ్చు' అని రాశాను. రెండు వారాల్లో ఒక్కరు కూడా రాలేదు. నేను మాత్రం దాన్ని తెరవలేదు. సభ్యులకంటే ముందు నేను చదివితే అది నా పక్షపాతానికి మొదటి మెట్టవుతుందని భయం. దాన్ని తెరవకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు, గ్రేడీకి ఇంకా బాగా తెలుసు. పాపం, రోజూ నా మొర విన్నాడు.

ఇంటర్వ్యూలు అక్టోబరు మూడో మంగళవారం. సాయంత్రం నాలుగున్నరకు మొదలు. పదకొండు మంది అభ్యర్థులు, నాలుగు స్థానాలు. నేను గుమ్మడికాయ బిస్కెట్లు చేసి తీసుకెళ్లాను. పెద్ద కాఫీ పాత్ర హాలు బయట పెట్టాను. సభ్యుల్లో ముగ్గురు ఒకచోట చేరితే చట్టం ప్రకారం అది సమావేశమైపోతుంది, ముందే నోటీసు అంటించాలి. కాబట్టి ఇద్దరు కాఫీ పోసుకుంటుంటే మూడో వాళ్లు ఖాళీ కప్పుతో గుమ్మం దగ్గరే ఆగిపోతారు, బాత్‌రూమ్ దగ్గర వంతుకోసం నిలబడ్డట్టు.

"త్వరగా తెముల్చు ట్వైలా, నాకూ చలిగానే ఉంది," అని మేయర్ ఓడెగార్డ్ గుమ్మంలోంచి కేకేశాడు.

"మాట్లాడకు మార్వ్, మాట్లాడితే నువ్వూ సమావేశంలో ఉన్నట్టే," అంది ట్వైలా రెంకీ పాలు కలుపుకుంటూ. ఆవిడ మండలిలో అందరికంటే పాత సభ్యురాలు. నోరు పెద్దది, చేతిరాత మాత్రం చీమల బారులా ఉంటుంది.

నేను కోడి మెడ తిప్పాను. మొదలైంది.

ఆ సాయంత్రం చూసినవాళ్లను నేను మరిచిపోలేను. ఒక రిటైరైన పళ్ల డాక్టరు శ్మశాన సంఘానికి వచ్చాడు. ఆరేళ్లుగా ఆదివారాలు పాత సమాధి రాళ్లమీది పేర్లను పళ్ల బ్రష్షుతో తోముతున్నాడట. "నలభై ఏళ్లు మాట్లాడే నోళ్లతో వేగాను, వీళ్లయితే కదలరు," అన్నాడు. ఒకావిడ మూడు నెలల పాపను భుజాన వేసుకుని పార్కుల సంఘానికి వచ్చింది. ఉయ్యాల గొలుసులో పెద్ద కూతురి వేలు నలిగిందని, ఊళ్లో ఉన్న ఇరవై రెండు ఉయ్యాలల గొలుసులూ చేత్తో తడిమి చూసి జాబితా రాసుకొచ్చింది. పాప మధ్యలో ఏడిస్తే మేయరు తన తాళంచెవుల గుత్తి ఊపుతూ నాలుగో ప్రశ్న అడిగాడు.

అందరికీ చివరి ప్రశ్న ఒకటే: 'మిమ్మల్ని ఎంచుకోకపోతే ఏం చేస్తారు?' పళ్ల డాక్టరు "వచ్చే ఆదివారం తోముతాను," అన్నాడు. పాప తల్లి "ఉయ్యాలల దగ్గరకే కదా పోయేది, మళ్లీ చూస్తాను," అంది. నాకు ఆ జవాబులు వింటుంటే లేచి అందరికీ ఇంకో బిస్కెట్ ఇవ్వాలనిపించింది. పెళ్లైన కొత్తలో ప్రతిదానికీ ఇలాగే ఉంటుందని బెర్నడీన్ అంటుంది. ఉండనీ.

ఏడో నియమాన్ని కూడా పాటించాను. పళ్ల డాక్టరుకు నలభై సెకన్లు మిగిలాయి. "మీరు జతచేసినవి చదవమంటారా?" అని అడిగాను. "సమాధుల ఫొటోలమ్మా, ఏం చదువుతావు?" అన్నాడు. మరో ఇద్దరిని కూడా అడిగాను, వద్దన్నారు. మేయరు నా వైపు వింతగా చూశాడు.

చెట్ల సంఘానికి ఒకటే స్థానం, ఇద్దరు అభ్యర్థులు. ఇంటిపేర్ల వరసలో టెస్సా బ్రాంట్ ముందు వచ్చింది. పక్క ఊరి కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ముప్పై ఏళ్లుంటాయి. రెండేళ్ల కింద ఒరెగాన్ నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కొనుక్కుంది. ఏం మాట్లాడిందని! ఒకే జాతి చెట్లు వరసగా నాటితే ఒక పురుగుతో వీధి మొత్తం ఎలా బోడి అవుతుందో, తన విద్యార్థులు మా ఊరి మట్టిని సీసాల్లో పట్టి ఏం కొలిచారో, వేళ్లకు గాలి ఎలా అందాలో చెప్పింది. ఆమె మాట్లాడుతుంటే నేలకింద వేళ్లు కనబడ్డాయి నాకు. కోడి మోగడానికి సరిగ్గా పది సెకన్ల ముందు ముగించి నవ్వింది. సభ్యులు తలలూపారు. నా గుండె జారింది. ఆమె మంచి మనిషి కావడం వల్ల మరీ జారింది.

ఆమె వెనక వరసలో కూర్చుంది. బయట కారిడార్‌లో ఉన్న ఆర్విడ్‌ను పిలిచాను.

ఆయన ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. గుండీ మెడదాకా పెట్టాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద.

"మీ గురించి, మీ అర్హతల గురించి చెప్పండి," అన్నాడు మేయరు. చేతిలో దరఖాస్తు ఉంది. కళ్లజోడు పైకి తోసుకుని ఆ గడిని మళ్లీ చదివాడు.

"అందులో రాసినట్టే," అన్నాడు ఆర్విడ్.

"నలభై ఒక చెట్లు..."

"అవునండి."

ఎందుకు, ఎలా అని అడగడానికి వీల్లేదు. అదనపు ప్రశ్న అవుతుంది. సభ్యుల్లో ఒకరు దగ్గారు. మేయరు రెండో ప్రశ్నకు వెళ్లాడు. ఈ సంఘం మీద మీకు ఆసక్తి ఎందుకు?

"చెట్లుంటే బాగుంటుందండి."

సంఘం చెయ్యాల్సిన ముఖ్యమైన పని ఏది?

"నాటడం. తెలుసుకుని నాటడం."

ఇతరులతో కలిసి పనిచేసిన అనుభవం?

"బండిలో ఒక్కణ్నే ఉండేవాణ్నండి."

ఎవరో నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. కానీ ఆర్విడ్ చెవులు ఎర్రబడ్డాయి.

మిమ్మల్ని ఎంచుకోకపోతే ఏం చేస్తారు?

ఆయన టోపీ వైపు చూశాడు. "ఆవిడ బాగా చేస్తుందండి," అని వెనక కూర్చున్న టెస్సా వైపు తల ఊపాడు. "నేను గుమ్మం దగ్గర విన్నాను. బాగా తెలిసిన పిల్ల."

అంతే. అయిపోయింది. రెండు నిమిషాల ఇరవై సెకన్లు. మూడేళ్లుగా జరిగినట్టే జరిగింది. ఆయన లేవబోయాడు.

"స్కోగ్ గారూ," అన్నాను. నా గొంతు ఎందుకో మైకులో అరిచినట్టు వచ్చింది. "మీకు ఏడు నిమిషాల నలభై సెకన్లు మిగిలాయి. మీరు జతచేసింది చదవమంటారా?"

"ఏడో నియమం," అని మేయరుకు చెప్పాను, అడగకముందే. "అందరినీ అడిగాను."

"అడిగింది," అన్నాడు పళ్ల డాక్టరు వెనకనుంచి.

ఆర్విడ్ నన్ను చూశాడు, తలుపును చూశాడు. మా ఊళ్లో గట్టిగా అవును అనే అలవాటు లేదు. "చదివితే చదువమ్మా," అన్నాడు చివరికి. "నష్టమేముంది."

రబ్బరు బ్యాండు తీశాను. పెన్సిలు రాత, పెద్ద పెద్ద అక్షరాలు. కొన్ని చోట్ల తడికి అలుక్కుపోయాయి. చదవడం మొదలుపెట్టాను.

"చర్చి వీధి, 12. రోడ్డు మలుపు. బండి నెమ్మదిస్తుంది, ఉప్పు ఎక్కువ పడుతుంది. మేపుల్. మూడో వసంతంలో ఆకుల అంచులు మాడాయి. అయిదో ఏడు కొట్టేశారు. తప్పు నాది. ఒకటి.

"చర్చి ఎదురుగా హ్యాక్‌బెర్రీ. మొదట్నుంచీ మంచు మొత్తం దీని మొదట్లోనే పోస్తున్నాను, వేరే చోటు లేదు. ఏమీ కాలేదు. దీన్ని చూస్తే టోపీ తియ్యాలనిపిస్తుంది.

"వంతెన దగ్గర ఓక్. బలమైనది. కానీ ఉత్తరపు గాలి ఉప్పునీటిని కొమ్మలమీద చిమ్ముతుంది. వేగం తగ్గించాను. గంటకు పదిహేను మైళ్లు దాటకూడదు. తర్వాత వచ్చే డ్రైవరుకు చెప్పాలి.

"బడి వెనక వీధి. రెండు మేపుళ్లు, పక్కపక్కన. ఒకటి పోయింది, ఒకటి ఉంది. ఉన్నది ఎత్తున ఉంది, నీళ్లు కిందికి జారిపోతాయి. అడుగున్నర ఎత్తు చాలు. ఇది ముందే గమనించి ఉంటే రెండోది ఉండేది. తొమ్మిది."

పాప తల్లి భుజాన నిద్రపోయింది. నేను పేజీ తిప్పాను.

"మిల్లు వీధి, 40. బర్చ్ చెట్టు. పొద్దున ఆరు గంటలకు ఇంటావిడ నైటీలో బయటికొచ్చి, మంచులో నిలబడి నన్ను తిట్టింది. మూడు నిమిషాలు తిట్టింది. ఆవిడ మాట నిజం. మర్నాటి నుంచి ఎదుటి పక్కకు తోశాను, అటు చెట్లు లేవు. బర్చ్ బతికింది. ఆవిడ ఇంకా నాతో మాట్లాడదు."

ట్వైలా రెంకీ ముఖం కందగడ్డలా అయింది. "అది నైటీ కాదు," అంది. "అది గౌను."

"ట్వైలా," అన్నాడు మేయరు, "అదనపు ప్రశ్నలు వద్దు."

"ఇది ప్రశ్న కాదుగా మార్వ్. నా చెట్టు ఎందుకు బతికిందో పద్నాలుగేళ్లుగా నాకు తెలియదు. నా తిట్లకు భయపడి బతికిందనుకున్నాను."

ఈసారి ఆర్విడ్ కూడా నవ్వాడు, టోపీలోకి.

చదువుతూనే ఉన్నాను. కోడి టిక్కుటిక్కుమంటోంది. పది, పద్నాలుగు, ఇరవై రెండు. ఏ మలుపులో ఏ జాతి తట్టుకుంది, ఏ వాలులో ఏది ఓడిపోయింది. ఎక్కడా 'నాకు తెలుసు' అన్న మాట లేదు. ఎక్కడ చూసినా 'గమనించాను', 'తప్పు నాది'. వెనక వరసలో టెస్సా బ్రాంట్ తన కాగితాల వెనక పక్క వేగంగా ఏదో రాసుకుంటోంది. పేజీ తిప్పాను. కుడి చేతి పక్కన, పైన, పెన్సిలుతో కొట్టేసి మళ్లీ రాసిన వరస ఒకటి.

"కట్లర్ వీధి, 309. ఇక్కడ..."

కోడి మోగింది.

నేను జీవితంలో చేసిన అతి కష్టమైన పని ఏదని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. నా ఇల్లు. నా గుంట. నెల రోజుల ఆట. జవాబు నా కళ్లకు రెండంగుళాల కింద ఉంది. నేను పుస్తకం మూశాను. అందరికీ పదే నిమిషాలు. రబ్బరు బ్యాండు వేయబోతే అది టప్పున జారి మేయరు కాఫీ కప్పులో పడింది.

"సమయం అయిపోయింది," అన్నాను. "కృతజ్ఞతలు, స్కోగ్ గారూ."

ఓటింగు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ప్రతి సభ్యుడూ చీటీ మీద పేరు రాసి సంతకం పెడతాడు. కార్యదర్శి అందరిముందూ చదువుతుంది. మిగతా మూడు సంఘాలూ తేలాయి. ఉయ్యాలల తల్లి గెలిచింది, పళ్ల డాక్టరు గెలిచాడు. చెట్ల సంఘం చీటీలు చివర వచ్చాయి.

మొదటిది తెరిచాను. "టెస్సా బ్రాంట్."

రెండోది. "ఆర్విడ్ స్కోగ్." మేయరు చీటీ. కాఫీ మరక కూడా ఉంది.

మూడోది. "టెస్సా బ్రాంట్."

నాలుగోది. "ఆర్విడ్ స్కోగ్."

ఆర్విడ్ తలుపు దగ్గర, కోటు సగం తొడుక్కుని నిలబడ్డాడు. మూడేళ్లూ ఇలాగే, పేరు చదవగానే వెళ్లిపోవడానికి వీలుగా నిలబడ్డాడట, బెర్నడీన్ చెప్పింది. అయిదో చీటీ విప్పాను. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. కళ్లకు దగ్గరగా పెట్టుకోవాల్సి వచ్చింది.

"ఆర్విడ్ స్కోగ్," అన్నాను.

ఆయన కదల్లేదు. రెండో చెయ్యి కోటులో సగంలో ఉండిపోయింది. ముందుగా ఆయన దగ్గరకు వెళ్లింది టెస్సా. ఆ కోటు చెయ్యి పట్టుకుని తొడిగింది.

"ఆ పుస్తకం నాకు రెండు రోజులు ఇస్తారా? సీసాల్లో పట్టి మేం రెండేళ్లలో ఇంత తెలుసుకోలేకపోయాం."

"రాత బాగుండదమ్మా."

"పర్లేదు, నా విద్యార్థుల రాత చూడలేదు మీరు."

"అయితే సంఘం సమావేశాలకు రా. నీ మాటలు వాళ్లు వినాలి. నేను చెప్పలేను, నువ్వు చెప్పు."

"వస్తాను. కూర్చోవడానికి ఎవరి ఓటూ అక్కర్లేదుగా," అంది. వచ్చే ఏడాదికి ఇంకో స్థానం ఖాళీ అవుతుందని ఆమెకు నేనే చెప్పాను, దరఖాస్తు కాగితంతో సహా.

ట్వైలా రెంకీ మాత్రం ఆయన పక్కనుంచి వెళ్తూ ఆగింది. పద్నాలుగేళ్ల తర్వాత మొదటి మాట. "ఆకుపచ్చ గౌను. ఉన్ని గౌను. పుస్తకంలో సరిచెయ్యి."

"సరేనండి," అన్నాడు ఆర్విడ్.

పుస్తకం నా చేతిలోనే ఉంది. ఎంపిక అయిపోయింది కాబట్టి తెరవొచ్చు. కానీ టెస్సా చెయ్యి చాచి నిలబడింది, ఆర్విడ్ సరేనన్నాడు. ఇచ్చేశాను. ఇంటికి వెళ్లి గ్రేడీకి చెబితే సోఫా మీదినుంచి కిందపడి దొర్లాడు. "జవాబు చేతిలో పెట్టుకుని ఇచ్చేశావా! నిన్ను పెళ్లి చేసుకున్నందుకు ఈ ఊరు నాకు పతకం ఇవ్వాలి." తర్వాత లేచి, మిగిలిన గుమ్మడికాయ బిస్కెట్లన్నీ తినేశాడు.

మర్నాడు ఎనిమిదింటికి కార్యాలయం తలుపు తీస్తే మెట్ల మీద ఆర్విడ్ ఉన్నాడు. అదే ఇస్త్రీ చొక్కా. కళ్లు నిద్రలేక లోతుకు పోయాయి. భయమేసింది నాకు. మనసు మార్చుకున్నాడేమో అనుకున్నాను.

"అమ్మాయ్, దరఖాస్తులో తప్పు రాశాను. ప్రమాణం చెయ్యకముందే సరిచెయ్యాలి. వాళ్లు ఆ అంకె చూసి ఓటేశారు కదా."

"ఏ అంకె?"

"నలభై ఒకటి కాదు. నలభై రెండు."

నేను పాత కాగితం తీసి కౌంటరు మీద పెట్టాను. ఆయన కలం తీసుకున్నాడు కానీ రాయలేదు.

"మీ ఇంటి ముందుది. రాత్రి నువ్వు ఆ వరస దగ్గర ఆగిపోయావు. ఆ ఏడు వానలు లేవు. ఎండకే పోయిందని రాసుకున్నాను. రాశాక కొట్టేశాను. మళ్లీ రాశాను. నా లెక్కలో కలపలేదు. రాత్రంతా ఆలోచించాను. ఆ ఏడు ఎండ అన్ని చెట్లకూ ఒకటే. పోయింది అదొక్కటే." అంకె మీద సన్నగా గీత గీసి పక్కన 42 అని రాశాడు. కింద సంతకం, తేదీ. "ఇక వాళ్లు ఎంపిక మార్చుకుంటామంటే మార్చుకోమను."

తేదీ ముద్ర కొట్టాను. మేయరుకు ఫోన్ చేసి చెప్పాను. మేయరు, "నలభై రెండైతే అర్హత ఇంకా పెరిగిందని చెప్పు," అని పెట్టేశాడు. నేను ఆ మాట ఆర్విడ్‌కు అచ్చంగా అలాగే చెప్పాను. ఆయన భుజాలు కిందికి దిగాయి. మూడు వారాలుగా అవి చెవుల దగ్గరే ఉన్నాయని అప్పుడుగానీ నాకు తెలియలేదు.

కుడి చెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించాను. చెయ్యి పెద్దది, బొటనవేలి గోరు కింద మట్టి. పది సెకన్ల ప్రమాణం. నేను ఏడ్చాను. ఆయన మర్యాదగా గోడ గడియారం చూశాడు.

టోపీ పెట్టుకుని బయల్దేరాడు. తలుపు దగ్గర ఆగాడు.

"రోజూ పొద్దున బేకరీకి నడిచేటప్పుడు మీ ఇద్దరినీ చూస్తున్నాను. కప్పులు పట్టుకుని ఆ గుంట పక్కన నిలబడతారు. కోపంతో చూస్తున్నారేమో అనుకున్నాను."

"అయ్యో! ఏ చెట్టో ఊహిస్తున్నాం స్కోగ్ గారూ! గ్రేడీ యాపిల్ అంటాడు."

"రోడ్డు పక్కన యాపిలా?" ఆయన మొదటిసారి నోరు తెరిచి నవ్వాడు. "లిండెన్. జూలైలో పూసేది. వేసవిలో నగరం లారీ నడిపేటప్పుడు కిటికీ దించుకుని ఆ వీధిలో నెమ్మదిగా పోయేవాణ్ని. తేనెటీగల మోత ఇంజను చప్పుడులో కూడా వినబడేది."

లిండెన్! జూలైలో పూలు, తేనెటీగలు, మా కిటికీ కింద! గ్రేడీకి ఎప్పుడు చెబుతానా అని ప్రాణం కొట్టుకుంది.

"మళ్లీ అదే నాటుతారా మరి? మా ఇంటి ముందు?"

ఆర్విడ్ స్కోగ్ టోపీ సరిచేసుకున్నాడు. ముఖం గంభీరంగా పెట్టాడు.

"ఇప్పుడు నేను సంఘం సభ్యుణ్ని తల్లీ. ఇలా గుమ్మంలో నిలబడి చెప్పకూడదు," అన్నాడు. "మొదటి గురువారం నేలమాళిగకు రండి, ఇద్దరూ. ఊరివాళ్లకు మాట్లాడటానికి మూడేసి నిమిషాలు ఇస్తారు. ఆ కోడిని కూడా తెచ్చుకో."